బాస్ చేపకు తవుడు వేస్తే తినదు

సందేహం: డాలస్‌కు ఉత్తరాన అయిదెకరాల స్థలం కొన్నాం. అందులో దాదాపు ఎకరం మేర పాత చెరువు ఉంది. మాది కైకలూరు ప్రాంతం, చేపల చెరువుల మధ్యే పెరిగాను. ఇక్కడ అందరూ లార్జ్‌మౌత్ బాస్ (గాలానికి పట్టే పెద్దనోటి వేట చేప) వేయమంటున్నారు. ఎన్ని పిల్లలను వదలాలి? ఏం మేత పెట్టాలి? వచ్చే జులై 4కు బంధువులు వస్తారు, అప్పటికి గాలానికి పడతాయా?

మీ కైకలూరు అనుభవం ఇక్కడ సగం అక్కరకొస్తుంది, సగం అడ్డొస్తుంది. శీలావతికి, బొచ్చెకు తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో కడితే తిని బలుస్తాయి. బాస్ స్వభావం కొర్రమీనుది. బతికి కదులుతున్న దాన్ని వెంటాడి మింగాల్సిందే. బాస్ ఒక పౌను బరువు పెరగాలంటే సుమారు పది పౌన్ల చిన్న చేపలు తినాలని ఇక్కడి చెరువుల లెక్క. ఆ మేతగా ఇక్కడ వేసేది బ్లూగిల్ అనే చిన్న చేపను. కాబట్టి మీరు పెంచబోయేది నిజానికి బ్లూగిల్ చేపలను. అవి బాగుంటే బాస్ తన సంగతి తాను చూసుకుంటుంది.

ఎరువు వేయని చెరువులో ఎకరానికి 500 బ్లూగిల్, 50 బాస్ వదలడం దక్షిణాది రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఎరువు వేసి నీటిని పచ్చగా నిలపగలిగితే రెండూ రెట్టింపు చేయవచ్చు. మొదటి ఏడాది ఆ జోలికి పోవద్దని నా సలహా. బ్లూగిల్ వాటాలో కొంత తగ్గించి దాని జాతిదే అయిన రెడ్‌ఇయర్ సన్‌ఫిష్ వేయండి. అది నత్తలను తింటుంది, నత్తల ద్వారా చేపల కండలోకి చేరే పురుగు తగ్గుతుంది.

అంకెల కన్నా వరుస ముఖ్యం. బ్లూగిల్ పిల్లలను శీతకాలానికి ముందే వదలాలి. వసంతంలో నీళ్లు వేడెక్కాక అవి ఒడ్డు పక్కన గుంటలు చేసి గుడ్లు పెడతాయి, వేసవంతా పలుమార్లు పెడుతూనే ఉంటాయి. మే, జూన్ నెలల్లో రెండంగుళాల బాస్ పిల్లలను దించేసరికి వాటి నోటికి సరిపోయే మేత సిద్ధంగా ఉంటుంది. రెండింటినీ ఒకే లారీలో ఒకే రోజు తెచ్చి పోస్తానని హేచరీ వాళ్లు అంటే వద్దనండి. హైబ్రిడ్ బ్లూగిల్ త్వరగా పెరుగుతుందని కూడా చెబుతారు. అందులో దాదాపు అన్నీ మగవే, కాబట్టి సంతతి తక్కువ. బాస్ చెరువులో అది దండగ.

పిల్లలు వచ్చిన రోజు తొందర పడకండి. సంచులను మూతి విప్పకుండా నీడ ఉన్న చోట చెరువులో పావుగంట, ఇరవై నిమిషాలు తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా సంచిలోకి పోయండి. లోపలి నీళ్లు, బయటి నీళ్లు చేతికి ఒకే వేడిగా తగిలాక సంచిని పక్కకు వంచితే వాటంతట అవే ఈదుకుంటూ పోతాయి. వేడి తేడా దెబ్బ తిన్న పిల్ల ఆ రోజు బాగానే కనిపించి, మర్నాడు చచ్చి తేలుతుంది.

అయితే వీటన్నిటికీ ముందు చూడాల్సింది ఒకటుంది. పాత చెరువు ఖాళీగా ఉండదు. అందులో ఇప్పటికే పెద్ద బాస్ ఉంటే, మీరు డబ్బు పోసి వదిలే రెండంగుళాల పిల్లలు వాటికి ఫలహారం. వల లాగి చూడండి. గ్రీన్ సన్‌ఫిష్, బుల్‌హెడ్, క్రాపీ లాంటి అక్కర్లేని చేపలు నిండి ఉంటే నీళ్లు తోడి ఎండగట్టడం మేలు. చేపలను చంపే రోటెనోన్ మందు కొట్టాలంటే లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. మిత్రులెవరైనా టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులోని టెక్సోమా సరస్సు నుంచి బకెట్‌లో చేపలు తెచ్చిస్తానంటే మర్యాదగా వద్దనండి. 2009లో అక్కడ జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప బయటపడింది. దాని పిల్లలు కంటికి కనపడవు, నీటితోపాటే వస్తాయి. బహిరంగ జలాశయం దగ్గర నుంచి కదిలేటప్పుడు పడవలోని, బకెట్లలోని నీళ్లు పారబోసి వెళ్లాలన్నది టెక్సాస్‌లో చట్టం కూడా.

నీళ్ల విషయంలో మీకు అదృష్టం ఉంది. డాలస్ చుట్టూ ఉన్నది మన నల్లరేగడి లాంటి సున్నపు నేల. తూర్పు టెక్సాస్ ఇసుక నేలల్లో అయితే ముందు వ్యవసాయ సున్నం చల్లక తప్పదు. ఎందుకైనా మంచిది, మీ కౌంటీలోని అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ సలహా) కార్యాలయాన్ని అడిగి నీటి పరీక్ష చేయించండి. క్షారత 20 పీపీఎం (పది లక్షల పాళ్లలో 20) దాటి ఉంటే చాలు.

మేత పెట్టే అలవాటు మానలేకపోతే బ్లూగిల్‌కు పెట్టండి. తేలే గుళికలు సాయంత్రం ఒకే చోట చల్లితే వారంలో వాటికి అలవాటు పడతాయి. అవి బలిసి ఎక్కువ గుడ్లు పెడితే ఆ తవుడూ చెక్కా చుట్టుతిరిగి బాస్‌కే చేరినట్టు. చిన్న చేపలు దాక్కోవడానికి దేవదారు కొమ్మలు గానీ, క్రిస్మస్ అయిపోయాక పారేసే చెట్లు గానీ కట్టగట్టి, బరువు వేసి అక్కడక్కడా ముంచండి. చెరువంతా నింపకండి. దాక్కునే చోటు మరీ ఎక్కువైతే బాస్ ఆకలితో ఉండిపోతుంది.

మనవాళ్లు తడబడేది మూడో ఏడాది తర్వాత. పట్టిన బాస్‌నల్లా ముద్దుచేసి తిరిగి వదిలేయడం ఇక్కడ గొప్ప సంస్కారంగా చలామణి అవుతోంది. పెద్ద సరస్సులో అది బాగుంటుంది. ఎకరం చెరువులో అదే చెరువును చెడగొడుతుంది. బాస్ ఏటా గుడ్లు పెడుతుంది, మేత మాత్రం అంతే ఉంటుంది. కొన్నాళ్లకు ఏది పట్టినా పది, పన్నెండు అంగుళాలే. తల పెద్దది, పొట్ట లోపలికి పోయి ఉంటుంది. ఆ చేపను చూశారంటే చెరువులో జనాభా ఎక్కువైందని అర్థం. మూడు, నాలుగేళ్లు నిండాక ఎకరానికి ఏటా పది నుంచి ఇరవై పౌన్ల బాస్ తీసేయాలి. అవి కూడా పద్నాలుగు అంగుళాల లోపువి. చంపడం ఇష్టం లేకపోతే తినేవాళ్లకు ఇవ్వండి. ఆవ, మిరియం పట్టించి వేయిస్తే బాస్ బాగుంటుంది. పులుసుకు మాత్రం నా ఓటు క్యాట్‌ఫిష్‌కే.

ఆగస్టులో వరసగా మబ్బు పట్టి గాలి ఆడకపోతే తెల్లవారుజామున చెరువు చూడండి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గినట్టు. ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు, నీటిలో గాలి కలిపే ఏరేటర్ విలువ తెలిసిన ఊరివాళ్లు. నాచుకు మందు కొట్టాల్సి వస్తే ఒకేసారి చెరువంతా కొట్టకండి. చచ్చిన నాచు కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. నీటికాకులు, కొంగలు చేపలను ఎత్తుకుపోతుంటే కోపం వస్తుంది, తుపాకీ తీయకండి. అవి కేంద్ర చట్టం కింద రక్షిత పక్షులు.

ఇక జులై 4 సంగతి. ఈ శరదృతువులోనే బ్లూగిల్ వేసి జూన్‌లో బాస్ వదిలితే, అప్పటికి బాస్ వేలెడంతే ఉంటుంది. బ్లూగిల్ మాత్రం చిన్న గాలానికి, వానపాము ముక్కకు గబగబా పడతాయి, పిల్లలకు అదే పండగ. పట్టినవాటిని ఆ ఏడాదికి తిరిగి వదిలించండి, బాస్‌కు మేత అవే.