వినోదాల పార్కులో పిల్లలతో భోజనం: మేనకోడలికి ఒక లేఖ

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మీ అత్త ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో పిల్లలిద్దరినీ, మీ అత్తగారినీ వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్ళి, ఒకరోజు రామోజీ ఫిల్మ్ సిటీ, మరొక రోజు వండర్‌లా చూడాలనుకుంటున్నామనీ, లోపల ఏ హోటల్లో తింటే బాగుంటుందో చెప్పమనీ రాశావు. ఏ హోటలు అన్నది చివర చూసుకోవచ్చు. ఆరేళ్ళ పాప, రెండున్నరేళ్ళ బాబు వెంట ఉన్నప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఎన్ని గంటలకు తింటారన్నది. ఆ ఒక్కటి కుదిరితే పిల్లలు మామూలు పప్పన్నమైనా హాయిగా తిని లేస్తారు. అది తప్పితే ఎంత ఖరీదైన బఫే ముందు కూర్చోబెట్టినా ఏడుపులే మిగులుతాయి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా పార్కులో ఉన్న జనమంతా ఒక్కసారే ఆకలితో హోటళ్ళ మీద పడతారు. అప్పుడు బిల్లు కౌంటరు దగ్గర ఒక వరుస, వడ్డించే చోట మరొక వరుస, బల్ల ఖాళీ అవుతుందేమోనని తినేవాళ్ళ వెనక నిలబడి చూడవలసిన అవస్థ తప్పవు. పెద్దవాళ్ళం ఎలాగో ఓర్చుకుంటాం కానీ, ఎండలో తిరిగి వచ్చిన పసివాడికి ఆ అరగంట గడిచేసరికి ఆకలి చచ్చి చిరాకు మొదలవుతుంది, ఆ తరువాత ముద్ద నోట్లో పెట్టినా ఉమ్మేస్తాడు. మన పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం నాడు ఊళ్ళోని మూడు లాంతర్ల కూడలి వైపు బయలుదేరే ముందే ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టేస్తాం కదా, ఇక్కడా అలాగే జనం కదలకముందే మీ వాళ్ళ భోజనం ముగిసిపోవాలి. పన్నెండు గంటలకల్లా బల్ల దగ్గర కూర్చోగలిగితే వడ్డించేవాళ్ళకు కూడా నీ మాట వినే తీరిక ఉంటుంది, పదార్థాలు అప్పుడే దించినవై వేడిగా ఉంటాయి.

దీనికోసం ఆ రోజంతటినీ భోజనం చుట్టూ అమర్చుకోవాలి. ఫిల్మ్ సిటీ 1666 ఎకరాల్లో ఉంది కనుక, అక్కడ నడిచి తిరగడం కాకుండా వాళ్ళ బస్సుల్లోనే సినిమా సెట్టింగులన్నీ చూపిస్తారు. ఒకసారి బస్సు ఎక్కాక బాబుకు ఆకలేస్తోందని మధ్యలో ఆపించి హోటలుకు పోవడం కుదరదు. అందుచేత లోపలికి వెళ్ళగానే అక్కడి సిబ్బందిని రెండు ప్రశ్నలు అడగాలి: బస్సు తిప్పుడుకు మొత్తం ఎంతసేపు పడుతుంది, అది ఎక్కడ దించుతుంది. పదకొండున్నరకు బస్సు ఎక్కమంటే ఒప్పుకోకుండా, ప్రదర్శనలూ హోటళ్ళూ ఉండే యురేకా ప్రాంతంలోనే ఉండి, తినిపించిన తరువాత ఎక్కడం మంచిది. వైల్డ్ వెస్ట్ స్టంట్ లాంటి ప్రదర్శనలకు వేళలు ఉంటాయి. అవి సరిగ్గా భోజనవేళకే పడితే ప్రదర్శననే వదులుకోండి, లేదా అల్లుడుగారు పాపను తీసుకుని వెళ్ళి చూసి వస్తారు. వండర్‌లా గేట్లు ఫిల్మ్ సిటీ కంటే ఆలస్యంగా తెరుస్తారు కాబట్టి, ఆ రోజు బస దగ్గర ఇడ్లీయో ఉప్మాయో కొంచెం ఆలస్యంగా, కడుపునిండా పెట్టి బయలుదేరితే సరిపోతుంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమదాలవలసలో సాయంత్రం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి సికింద్రాబాదులో దిగి, అటునుంచి అటే పార్కుకు పోదామని అల్లుడుగారు అంటున్నారని రాశావు. ఒకరోజు గది అద్దె మిగులుతుందన్న మాట నిజమే. అయితే రైల్లో సరిగా నిద్రలేని పిల్లలు మధ్యాహ్నానికి అన్నం ముందు కూర్చుని తూలుతారు, నిద్రా ఆకలీ ఒకేసారి వచ్చిన పిల్లవాడికి తినిపించడం ఎవరి వల్లా కాదు. దిగిన రోజు విశ్రాంతి తీసుకుని మరునాడు వెళ్ళండి. ఈ ఒక్క విషయంలో డబ్బు చూసుకోవద్దని అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

బయటి తినుబండారాల విషయానికి వస్తే, వండర్‌లాలో వాటిని లోపలికి రానివ్వరు. ఇలాంటి పార్కుల్లో చాలావరకు ఇదే పద్ధతి, కనుక పులిహోర, దద్ధోజనం కట్టుకుని వెళ్ళి గేటు దగ్గర వాదించడం వృథా. పసిపిల్లల ఆహారానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు కానీ, టికెట్టు కొనే ముందే ఫోను చేసి ఏవి తేవచ్చో స్పష్టంగా అడుగు. బాబుకోసం వేయించిన చోడిపిండి, అదే రాగిపిండి, ఒక చిన్న డబ్బాలో, వేడినీళ్ళు ఫ్లాస్కులో పెట్టుకుంటే, హోటల్లో వాడికి నచ్చినది ఏదీ దొరకకపోయినా జావ కలిపి తాగించవచ్చు. కలిపిన జావను సీసాలో పోసి ఎండలో మోసుకుని తిరగవద్దు. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉన్నంతసేపూ సూక్ష్మక్రిములు పెరుగుతూనే ఉంటాయి, బయట ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకు మించి అలా ఉన్నదాన్ని తినడం క్షేమం కాదని ఆహార భద్రత నిపుణులు చెబుతారు. మన వేసవిలో 32 డిగ్రీలు ఉదయం పూటే దాటిపోతాయి.

అదే లెక్క బఫేకూ వర్తిస్తుంది. కింద మంట లేదా వేడినీళ్ళు ఉన్న పాత్రల్లోంచి ఆవిర్లు వస్తున్న అన్నం, పప్పు, కూర పిల్లలకు వడ్డించవచ్చు. కోసి పెట్టిన పండ్లు, పచ్చి కూరగాయ ముక్కలు, పెరుగుపచ్చడి, కొబ్బరి చట్నీ ఎప్పటినుంచి అక్కడ ఉన్నాయో మనకు తెలియదు కనుక పిల్లల కంచంలో వేయకు. పండు తినాలనిపిస్తే అరటిపండు అడుగు, దాని తొక్కే దానికి రక్ష. బఫేలో పిల్లలకు ఏ వయసు వరకు సగం ధర, ఏ వయసు వరకు ఉచితం అన్నది కూర్చోకముందే అడగాలి. రెండున్నరేళ్ళవాడు తినే నాలుగు ముద్దలకు పూర్తి ధర ఇచ్చే కంటే, విడిగా ఒక పెరుగన్నం, రెండు చపాతీలు చెప్పించుకోవడమే మేలని నా ఉద్దేశం. నన్నడిగితే పసిపిల్లలున్న కుటుంబానికి బఫే సగం దండగ: ఒకరు వడ్డించుకుని వచ్చేసరికి మరొకరి కంచం చల్లారిపోతుంది, పాప మిఠాయిల బల్ల దగ్గరే ఉండిపోతుంది.

పిల్లలకు ఏది చెప్పాలన్నది పెద్దగా ఆలోచించవలసినది కాదు. ఇంట్లో రోజూ తినే వాటిలో ఏది దొరికితే అది. ఇడ్లీ, సాదా దోశ, పప్పన్నం, పెరుగన్నం, నెయ్యి రాసిన చపాతీ ఎక్కడైనా ఉంటాయి. హైదరాబాదు వెళ్ళి బిర్యానీ తినకపోతే ఎలా అనుకుంటే మీరిద్దరూ తినండి. బాబుకు పెట్టాలనిపిస్తే మసాలా అంటని తెల్ల మెతుకులు విడదీసి, లవంగాలు, యాలకులు, ఎముక ముక్కలు వేలితో వెతికి తీశాక పెట్టు. కారం లేకుండా చేయమని వంటవాళ్ళను అడిగితే తగ్గించి ఇస్తారు, అది రద్దీ మొదలుకాక ముందు అడిగినప్పుడు మాత్రమే.

గొంతుకు అడ్డంపడే వాటి గురించి మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. నాలుగేళ్ళలోపు పిల్లలకు గింజలు, పప్పులు పూర్తిగా నమిలే శక్తి ఉండదు. పార్కుల్లో అడుగడుగునా అమ్మే పాప్‌కార్న్, వేరుశనగలు, గుండ్రని ద్రాక్షపండ్లు, గట్టి చాక్లెట్లు వాళ్ళకు ప్రమాదకరం. మన పలాస జీడిపప్పు సంచిలో వేసుకుని వెళ్ళే అలవాటు మీ ఇంట్లో ఉందని నాకు తెలుసు. బాబుకు ఇవ్వాలంటే పొడి చేసి జావలో కలుపు, పప్పుగా చేతికి ఇవ్వవద్దు. ద్రాక్షపండు నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. పరుగెత్తుతూ, నవ్వుతూ, ఆట బండిలో కూర్చుని తినడం ఇద్దరికీ నిషేధం. ఏడాది నిండిన పిల్లవాడికి గొంతులో అడ్డుపడి దగ్గలేకపోతే ముందుకు వంచి వీపు మీద అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో ఐదుసార్లు చరచడం, అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కడం ప్రథమ చికిత్సగా నేర్పుతారు. వెళ్ళే లోపు మీ ఊరి ఆసుపత్రిలో ఎవరినైనా అడిగి మీరిద్దరూ చేసి చూసుకోండి, కాగితం మీద చదివితే చేతికి రాదు.

హోటలు లోపలికి వెళ్ళాక పనుల వరుస కూడా ముఖ్యమే. మొదట మరుగుదొడ్డి, తరువాత సబ్బుతో చేతులు కడగడం, ఆ తరువాతే బల్ల. ఆర్డరు ఇచ్చాక పాప బాత్రూము అంటే నీ అన్నం చల్లారిపోవడం ఖాయం. చేతికి రాసుకునే శానిటైజరు మట్టి, జిడ్డు ఉన్న చేతుల మీద సరిగా పనిచేయదు కనుక సబ్బుకు బదులుగా దాన్ని నమ్ముకోవద్దు. అల్లుడుగారు కౌంటరు దగ్గర నిలబడితే నువ్వు పిల్లలను చూసుకుంటావు, మీ అత్తగారు ముందుగా వెళ్ళి బల్ల పట్టుకుంటారు. పెద్ద ఆటలకు ఎత్తు సరిపోక బాబు ఎలాగూ ఎక్కలేడు కాబట్టి, మిగిలినవాళ్ళు చివరి ఆట ఆడే సమయంలో వాణ్ణీ, మామ్మనూ ముందుగా నీడకు చేర్చడం అందరికీ సుఖం. వండర్‌లాలో నీళ్ళ ఆటలు ముగించి తడి బట్టలతో ఏసీ గదిలోకి తీసుకుపోతే పిల్లలు వణుకుతారు, అందుకని భోజనం నీళ్ళలోకి దిగే ముందే పెట్టేయాలి. తిన్న వెంటనే గిర్రున తిప్పే ఆట ఎక్కిస్తే వాంతి అవుతుంది కనుక, ఒక గంట మామూలు ఆటలతోనో, నీడలో నడకతోనో గడపండి.

నువ్వు అందరికీ పెట్టి చివర తింటావని నాకు తెలుసు. అది పెళ్ళిభోజనంలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. సగం మంది తింటుండగా సగం మంది పిల్లలను పట్టుకునే పద్ధతి పెట్టుకోండి, బాబుకు తినిపించే వంతు అల్లుడుగారిదే కావాలి, ఆయన చేత్తో తినడం వాడికి అలవాటు కావడానికి ఈ ప్రయాణం మంచి అవకాశం. మీ అత్తగారికి చక్కెర వ్యాధి ఉంది కనుక ఆమె భోజనవేళ కూడా పిల్లలతో సమానమేనని గుర్తుపెట్టుకో. చేతిలో ఫోను పెట్టి తినిపించే విద్య నాకు నచ్చదు. ఆ పది నిమిషాలు బాబు ఏం తింటున్నాడో వాడికే తెలియదు, గొంతుకు అడ్డుపడినా మనకు త్వరగా కనిపించదు.

బిల్లు చూసే ముందు రెండు మాటలు తెలిసి ఉండాలి. హోటల్లో కూర్చుని తినేచోట మంచినీళ్ళ సీసాకు దాని మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, కాబట్టి ఆ విషయంలో వాదన పెట్టుకోవద్దు. సర్వీస్ చార్జి పేరుతో బిల్లులో దానంతట అది చేర్చిన మొత్తం ఇవ్వడం మాత్రం తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. మర్యాదగా తీసివేయమని అడుగు, ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. బాగా చూసుకున్న కుర్రవాడికి నీ చేత్తో ఇచ్చేది వేరు, అది ఇవ్వు.

సాయంత్రానికి పిల్లలు వాడిపోతారు. మధ్యలో ఒకసారి కడుపు సర్దే ఏర్పాటుగా నాలుగింటికి ఒక ఇడ్లీయో అరటిపండో ఇచ్చి, నీళ్ళు దాహం వేసే వరకు ఆగకుండా కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండు. నీళ్ళవిరేచనాలు పట్టుకుంటే పనికి వచ్చేలా మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లాలు ముందే కొని పెట్టుకో. పొట్లం మీద ఒక లీటరుకు అని ఉంటే కొలిచి లీటరు నీళ్ళలోనే కలపాలి, బాబు తక్కువ తాగుతాడని సగం పొట్లం గ్లాసులో వేయవద్దు. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దానికి బదులు కావు. పంచదార ఎక్కువగా ఉన్న అలాంటి పానీయాలకు ఓఆర్ఎస్ అన్న పేరు పెట్టడాన్ని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో నిషేధించింది కూడా. రాత్రి భోజనం పార్కులో వద్దు. గేటు మూసే వేళకు తిరుగు వాహనాల కోసం మళ్ళీ అదే తొక్కిసలాట ఉంటుంది కనుక, అందరికంటే కొంచెం ముందే బయటపడి, దారిలో ఒక మామూలు టిఫిన్ హోటల్లో ఆగి పిల్లలకు వేడి ఇడ్లీ పెట్టించండి. బాబు కారులో నిద్రపోతే లేపవద్దు, గదికి చేరాక పాలు తాగించినా చాలు.

టికెట్లు తీసుకున్నాక ఏ రోజు ఏ పార్కో రాయి. శని, ఆదివారాలు కాకుండా చూసుకో.

ఆశీస్సులతో,
మీ అత్త