టెక్ సందేహాలు: మనిషి ఫ్రేమ్‌లో పక్కకు ఉంటే ఫోకస్ ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మా దగ్గర కేనన్ 1500డి కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయండీ. రెండేళ్ల పాపను ఫ్రేమ్‌లో ఒక పక్కకు ఉంచి తీస్తే వెనకున్న తులసి కోట స్పష్టంగా వస్తోంది, పాప ముఖం మసకగా ఉంటోంది. షట్టర్ బటన్ సగం నొక్కి ఫోకస్ లాక్ చేశాక కెమెరా పక్కకు తిప్పమని మా ఊరి స్టూడియో ఆయన చెప్పారు. అలా దగ్గర నుంచి తీస్తే చెవులు బాగా వస్తున్నాయి కానీ కళ్లు మసక. లెన్స్ పాడైందంటారా? – భీమవరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: లెన్స్‌ను అనుమానించే ముందు సెట్టింగులు చూద్దాం. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు, రెండింటికీ పైసా ఖర్చులేని పరిష్కారం ఉంది.

మొదట తులసి కోట సంగతి. 1500డి వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, కనిపించే ఫోకస్ పాయింట్లు (ఫోకస్ కోసం కెమెరా చూసే చోట్లు) 9. అవి ఫ్రేమ్ అంతటా ఉండవు. మధ్య భాగంలో గాలిపటం ఆకారంలో పరుచుకుని ఉంటాయి. పాప ఆ ఆకారం బయటికి వెళ్లిందంటే కెమెరాకు ఆమె లేనట్టే. దాని ముందు ఉన్నది తులసి కోట ఒక్కటే కాబట్టి దాన్నే పట్టుకుంటుంది. ఫొటో తీసేటప్పుడు ఏ పాయింట్ ఎర్రగా వెలిగిందో ఒకసారి గమనించండి, తప్పు ఎక్కడ జరుగుతోందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక స్టూడియో ఆయన చెప్పిన పద్ధతి. అది తప్పు కాదు, చాలా పాత అలవాటు. 1977లో కోనికా సీ35 ఏఎఫ్ కెమెరా వచ్చినప్పుడు ఆటోఫోకస్ చూసేది ఫ్రేమ్ మధ్యనే. ఇద్దరు పక్కపక్కన నిలబడితే వాళ్ల మధ్య ఖాళీలోంచి వెనక గోడకు ఫోకస్ అయిపోయేది. ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్‌లకు (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకునే కెమెరాలకు) ఊపు తెచ్చిన 1985 నాటి మినోల్టా 7000లో కూడా ఫోకస్ చేసే చోటు మధ్యలో ఒక్కటే. అందుకే ఆ తరం ఫొటోగ్రాఫర్లందరూ మధ్యలో ఫోకస్ చేసి, సగం నొక్కి పట్టుకుని, కూర్పు మార్చుకోవడం నేర్చుకున్నారు. ఎఫ్/8 దగ్గర (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్, చిన్నదై స్పష్టంగా వచ్చే మందం పెరుగుతుంది), నాలుగైదు మీటర్ల దూరంలో అది నేటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీరు వాడుతున్నది ఎఫ్/1.8, అదీ దగ్గర నుంచి. చిక్కు అక్కడ వచ్చింది.

కొంచెం లెక్క చూడండి. మీ కెమెరాలో 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే, ముందువెనకలుగా స్పష్టంగా వచ్చే మందం మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే కంటికి అటు సెంటీమీటరున్నర, ఇటు సెంటీమీటరున్నర కూడా ఉండదు. ఈ స్పష్టమైన పొర కెమెరాకు సమాంతరంగా ఉంటుంది. మీరు కెమెరాను తిప్పితే అదీ తిరుగుతుంది. ఇంతకుముందు పాప కంటి మీద ఉన్న పొర, తిప్పాక కంటికి వెనక్కి పోతుంది. చెవులు బాగా రావడానికి కారణం ఇదే. పాపను దాదాపు అంచు దాకా నెట్టాలంటే కెమెరాను 10 డిగ్రీలు తిప్పాలి, అప్పుడు పొర ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. మీకున్న వెసులుబాటు అంతా అక్కడితో అయిపోయింది. అదే పాపను ఫ్రేమ్ అంచు నుంచి మూడో వంతు దూరంలో ఆపితే తిప్పేది నాలుగు డిగ్రీల పైచిలుకే, తేడా మూడు మిల్లీమీటర్లు. అది ఫొటోలో కనిపించదు.

అందుకే చాలామంది అనుకునేంత పాపం ఈ తిప్పడానిది కాదని నా నమ్మకం. అసలు నష్టం చేసేది మన ఊగిసలాట. ఫోకస్ లాకయ్యాక కూర్పు సరిచూసుకునే ఆ ఒకటి రెండు సెకన్లలో మనిషి తెలియకుండానే ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకో వెనక్కో వాలిపోతాడు. ఎదురుగా ఉన్నది రెండేళ్ల పిల్లయితే ఇక చెప్పేదేముంది! లాక్ చేసిన దూరం అలాగే ఉంటుంది, పాపే అక్కడ ఉండదు.

కాబట్టి కెమెరాను తిప్పడం మానేసి ఫోకస్ పాయింట్‌నే పాప దగ్గరికి జరపండి. మోడ్ డయల్‌ను పూర్తి ఆటో నుంచి తీసి ఏవీకి (అపర్చర్‌ను మీరే ఎంచుకునే మోడ్) తెండి. పూర్తి ఆటోలో పాయింట్‌ను ఎంచుకునే హక్కు మీకుండదు. వెనక వైపు కుడి బాణం బటన్ మీద ఏఎఫ్ అని ఉంటుంది, అది నొక్కి వన్ షాట్ (ఒకసారి ఫోకస్ కుదిరితే అక్కడే ఆగే పద్ధతి) పెట్టండి. తర్వాత వెనక కుడి పై మూలనున్న బటన్, అంటే తీసిన ఫొటోను పెద్దది చేసి చూడటానికి వాడేదే, నొక్కి బాణం బటన్లతో పాయింట్‌ను కదపండి. తొమ్మిదీ ఒకేసారి వెలిగితే ఎంపిక కెమెరా చేతిలో ఉన్నట్టు. ఒక్కటే వెలిగితే మీ చేతిలో. పాప కంటికి అతి దగ్గరి పాయింట్‌ను ఎంచుకుని, దాన్ని కంటి మీద ఉంచి సగం నొక్కి, బీప్ రాగానే తీసేయండి. ఆ గాలిపటం అంచు దాటి ఇంకాస్త పక్కకు కావాలంటే అప్పుడు కొద్దిగా తిప్పండి. ఆ మాత్రానికి ఏమీ కాదు.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. 1500డిలో మధ్య పాయింట్ ఒక్కటే నిలువు, అడ్డం గీతలు రెండింటినీ గుర్తించే రకం. చుట్టూ ఉన్నవి ఒకే దిశ గీతలను పట్టుకుంటాయి. దీపాల వెలుగులో, నున్నటి బుగ్గ మీద అవి తడుముకుంటాయి. పాయింట్‌ను కనుబొమ్మ మీదో, రెప్పల అంచు మీదో పెట్టండి. అప్పటికీ కుదరకపోతే మధ్య పాయింట్‌కే వచ్చి, అపర్చర్ ఎఫ్/4 చేసుకోండి. స్పష్టమైన మందం ఆరు సెంటీమీటర్లకు పెరుగుతుంది, చంటిపిల్ల ముఖానికి అది చాలు. వెనక తులసి కోట కాస్త తక్కువగా మసకబారుతుంది, అంతే. కళ్లు పోగొట్టుకోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

పాయింట్ జరపడంలో ఇంకో లాభం కూడా ఉంది. వన్ షాట్‌లో, మామూలు ఎవాల్యుయేటివ్ మీటరింగ్‌తో (ఫ్రేమ్ అంతటి వెలుతురు చూసి లెక్కేసే పద్ధతి), సగం నొక్కగానే ఫోకస్‌తో పాటు వెలుతురు లెక్క కూడా లాకవుతుంది. పాయింట్ పాప ముఖం మీద ఉంటే ఆ లెక్కలో ముఖానికే ప్రాధాన్యం దక్కుతుంది. వెనక ఎండ ఎక్కువగా ఉన్న వాకిట్లో తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నాది నికాన్ డి5600. చెల్లి కూచిపూడి ప్రదర్శనలు తీస్తుంటాను. తను స్టేజీ మీద ఒక పక్కన ఉన్నప్పుడు ఫోకస్ లాక్ చేసి తీసినా సగం ఫొటోలు పోతున్నాయి. – నిజామాబాద్ పాఠకుడు

జవాబు: కదిలే మనిషికి లాక్ పనికిరాదు. అడుగు ముందుకు వేసిందంటే లాక్ చేసిన దూరం పాతబడినట్టే. ఏఎఫ్-సీ పెట్టండి, సగం నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ ఆమెను వెంబడిస్తుంది. అయితే ఈ పద్ధతిలో కెమెరాను తిప్పితే పాయింట్ వెనక తెర మీదికి పోయి ఫోకస్ కూడా తెరకే వెళ్తుంది. అందుకని పాయింట్‌ను ముందే పక్కకు జరిపి పెట్టుకోవాలి. చెల్లి ఎటు చూస్తుంటే అటువైపు ఖాళీ వచ్చేలా, పాయింట్‌ను దానికి ఎదురు వైపున ఉంచండి.

మీ కెమెరాలో 39 పాయింట్లు ఉన్నాయి కాబట్టి చోటుకు కరువు లేదు. డైనమిక్ ఏరియాలో 9 పాయింట్లు ఎంచుకుంటే, చెయ్యి తిప్పినప్పుడు పాయింట్ క్షణం సేపు ఆమెను జారవిడిచినా పక్క పాయింట్లు ఆదుకుంటాయి. డి5600లో చాలామంది వాడని ఒక సౌకర్యం కూడా ఉంది. కస్టమ్ సెట్టింగ్ మెనూలో టచ్ ఎఫ్ఎన్‌కు (తెరను తాకి చేసే పనికి) ఫోకస్ పాయింట్ ఎంపికను కేటాయిస్తే, వ్యూఫైండర్‌లోంచి చూస్తూనే తెర మీద బొటనవేలు జరిపి పాయింట్‌ను కదపొచ్చు. నృత్యం తీసేవాళ్లకు ఇది వరం.

ప్రశ్న: ఫోన్‌లో పక్కనున్న వాళ్ల మీద ట్యాప్ చేస్తే ఫోకస్ కుదురుతుంది, క్షణంలో మళ్లీ మధ్యకు వెళ్లిపోతుంది. ఏం చేయాలి? – హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: ట్యాప్ చేసి వేలు తీసేయకుండా, అలాగే నొక్కి పట్టుకోండి. ఐఫోన్‌లో అయితే పైన ఏఈ/ఏఎఫ్ లాక్ (వెలుతురు, ఫోకస్ రెండూ లాక్) అని కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ తాళం గుర్తు వస్తుంది. మామూలు ట్యాప్ తాత్కాలికం, దృశ్యం కాస్త మారగానే ఫోన్ తన సొంత నిర్ణయానికి వెళ్లిపోతుంది. వీడియోలో ఇది మరీ అవసరం. పెళ్లిలో మాట్లాడేవాళ్లను పక్కకు పెట్టి తీస్తున్నప్పుడు మధ్యలోంచి ఎవరైనా నడిచి వెళ్లినా ఫోకస్ చెదరదు. లాక్ చేశాక ముఖం చీకటిగా అనిపిస్తే వేలిని తెర మీద పైకి జరపండి, ఐఫోన్‌లో వెలుతురు పెరుగుతుంది. మీరు గానీ వాళ్లు గానీ జరిగితే మాత్రం లాక్ తీసేసి మళ్లీ చేయాలి.

ప్రశ్న: ఈ గొడవంతా లేకుండా కంటిని తనంతట తానే పట్టుకునే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా కొనేయమంటారా? – వరంగల్ పాఠకుడు

జవాబు: 2019లో వచ్చిన సోనీ ఏ6400 లాంటి వాటిలో కన్ను ఫ్రేమ్ మూలలో ఉన్నా కెమెరా వెతికి పట్టుకుంటుంది. పిల్లలను, పెళ్లిళ్లను తరచూ తీసేవాళ్లకు డబ్బుకు తగిన సుఖం అది. కానీ ఫ్రేమ్‌లో పది ముఖాలుంటే ఎవరి కన్ను కావాలో అక్కడ కూడా మీరే చెప్పాలి. ఏడాదికి నాలుగు పండగలకు కెమెరా తీసే ఇల్లయితే తొందరపడకండి. ఉన్న కెమెరాలో పాయింట్ జరపడం నెల రోజులు సాధన చేయండి. అప్పటికీ పోయిన ఫొటోలు ఎక్కువగా ఉంటే అప్పుడు దుకాణానికి వెళ్లి, మీ ఇంటి పిల్లలను వెంట తీసుకెళ్లి, వాళ్ల మీదే పరీక్షించి కొనండి.