ఒంటరి సముద్రయానం: ముందు చూడాల్సింది తీగలే

ప్రశ్న: 30 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాను. ఒక్కడినే మహాసముద్రం దాటాలని ఉంది. సిద్ధం చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మాస్టును (తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని) నిలబెట్టే స్టీలు తీగలతో మొదలుపెట్టండి. తీగ చివర బిగించే లోహపు ఫిట్టింగులోకి అది దూరేచోట తుప్పు మరక, సన్నని పగులు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. నా పడవలో 19 పోగుల తీగలో ఒక్క పోగు తెగింది. కంటికి కనపడలేదు, తుడుస్తుంటే గుడ్డకు పట్టుకుంది. తీగ మొత్తం మార్చేశాను. ఒక పోగు తెగిందంటే మిగతావీ అలసిపోయినట్టే.

గాలిని బట్టి చుక్కాని తిప్పే విండ్‌వేన్ తప్పనిసరి. దానికి కరెంటు అక్కర్లేదు, మీరు పడుకున్నా పడవను గాలికి అదే కోణంలో నడుపుతుంది; గాలి దిశ మారితే మాత్రం పడవ దారీ మారుతుంది. అయితే నిద్ర 20 నిమిషాలకు మించొద్దు. దూరాన కనిపించిన ఓడ అంతలోనే మీదికి రావచ్చు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ మీరు నీళ్లలో పడటం గురించే. పడవ ఆగదు, వెనక్కి తిప్పేవాళ్లుండరు. లోపలి నుంచి బయటికి అడుగుపెట్టేముందే హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీలు) కొక్కెం పడవకు తగిలించుకోండి, పగలైనా సరే.