పెట్టె కడగకముందు

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన తేనెటీగల పెట్టె ఫోటోలు చూశాను. పట్టు కట్టే చట్రాల నిండా సాలెగూడు లాంటి బూజు, అందులో తెల్ల పురుగులు. "మైనపు పురుగు మొత్తం తినేసింది మామయ్యా" అన్నావు. తిన్నది అదే, చంపింది మాత్రం అది కాదు. ఈగలు దండిగా ఉన్న పెట్టెలో దాని ఆటలు సాగవు, ఈడ్చి అవతల పారేస్తాయి. ఇంట్లో జనం పలచబడ్డాకే అది కాపురం పెడుతుంది. అంతకుముందు ఏం జరిగిందో చూడాలి. అందాకా పెట్టె కడగకు, అత్త చెప్పినా సరే.

ముందు చచ్చిన ఈగల సంగతి. పెట్టె ముందు ఒకటి రెండు రోజుల్లోనే గుప్పెళ్లకొద్దీ రాలి, నాలుకలు బయటపెట్టి పడుంటే పురుగుమందు అనుకో. మినుము పూత మీద ఉండగా పగటిపూట మందు కొడితే ఇదే గతి. ఒక్క ఈగా కనపడకపోతే అవి చావలేదు, లేచిపోయాయి. మన నాటు ఈగకి ఆ బుద్ధి ఉంది. మేత కరువైనా, చీమలు వేధించినా, ఎండ మండినా రాణితో సహా వెళ్లిపోతుంది. పోయేముందు పిల్లల్ని పెంచడం తగ్గించేసి, ఉన్న తేనె తాగేస్తాయి. కాసిని ఈగలే అరల్లోకి తలలు దూర్చి, తోకలు మాత్రం కనిపించేలా చచ్చి ఉంటే అది పస్తు. చూడలేం ఆ దృశ్యం.

తర్వాత పిల్లల అరలు. ఇక్కడ తొందరపడకు. వెలుతురు నీ భుజం మీదుగా అరల అడుగుదాకా పడేట్టు చట్రం పట్టుకో. మూత పెట్టిన అర ఒకటి నిమ్మముల్లుతో విప్పు. పిల్ల నిలువుగా చాచుకుని, తీస్తే నీళ్ల సంచిలా ఊడొస్తే శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు. పాతబడితే అదే నల్లగా ఎండి, కొస పైకి లేచిన చిన్న పడవలా ఉంటుంది. 1991, 92 ప్రాంతంలో కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో నాటు ఈగల పెట్టెల్ని వేలకొద్దీ ఖాళీ చేసింది ఇదే. దానికి మందు లేదు. ఆ తేనెపట్టు ఇంకో పెట్టెలో పెట్టకుండా కరిగించెయ్యి.

మూతల మీద చిల్లు చూసి మాత్రం కంగారుపడకు. నాటు ఈగల్లో పోతుటీగ, అంటే మగ ఈగ, పెరిగే అర మూత పొంగి, నడిమధ్య సూదితో పొడిచినట్టు ఒక చిల్లు ఉంటుంది. అది సహజం. జబ్బు చిల్లు ఎగుడుదిగుడుగా, కొరికినట్టు ఉంటుంది. నేను మొదట్లో ఈ తేడా తెలియక మంచి పట్టు రెండు తగలబెట్టాను.

పట్టంతా ఆ పొంగు మూతలే ఉండి, ఒక్కో అరలో రెండు మూడు గుడ్లు కనిపిస్తే రాణి పోయి చాలా రోజులైందని అర్థం. అప్పుడు కూలీ ఈగలే గుడ్లు పెడతాయి, వాటిలోంచి పోతులే పుడతాయి.

నా అనుమానం చెప్పనా? రోహిణి కార్తెలో నువ్వు రెండు సీసాల తేనె పంపావు. పై తేనె గదిలోది ఒక్కటే తీశావా, కింది పిల్లల గదిలోది కూడా పిండావా? నేనూ ఓసారి అలాగే పిండాను. ఆషాఢంలో ముసురు పట్టి వారం రోజులు ఈగ బయటికి రాలేదు. పంచదార నీళ్లు పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. ఎండ వచ్చేసరికి పెట్టె ఖాళీ, మైనపు పురుగు దిగిపోయింది. నేనూ దాన్నే తిట్టాను.

చట్రాల పై అంచున వేలెడు మందం తేనె మూతలతో మిగిలి ఉంటే నా అనుమానం తప్పు. అది చూసి రాత్రికి ఫోన్ చెయ్యి. కొత్త ఈగల మాట తర్వాత చూద్దాం.

మీ మామయ్య