అర ఎడుపులో అడుగు

చిరంజీవి అల్లుడికి, ప్రొద్దుటూరు నుంచి మామ ఆశీస్సులు.

అన్నం పళ్లెం ముందు పెట్టుకొని కూడా ఆ వీ (టీవీకి తగిలించి ఆడే నింటెండో ఆటల పెట్టె) రిమోట్ వదలడం లేదంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మిస్టర్ అప్‌బీట్ అనే తాళం ఆటలో, ఆ బొమ్మ మనిషిని నలభై అడుగులు దాటించలేక యాష్టపడుతున్నావని కూడా చెప్పింది. తిట్టడానికి రాయడం లేదు నాయనా. మీ బావ బెంగళూరు నుంచి తెచ్చిన ఆ వీని అనంతపురం పంపే ముందు, ఆ ఆట ఉన్న రిథమ్ హెవెన్ ఫీవర్‌ను నేనే రెండేండ్లు ఆడినాను. అంతకుముందు ముప్పై ఏండ్లు మృదంగం వాయించినాను. అయినా ఆ మనిషిని నూరు అడుగులు నడిపించడానికి నాకు నెల పట్టింది. కాబట్టి నలభైకి దిగులుపడొద్దు.

ముందు మీ టీవీ సంగతి చూడు. గోడకు తగిలించిన ఆ పెద్ద టీవీ, వీ పంపే చిన్న బొమ్మను తన సైజుకు సాగదీసి చూపడానికి కొంత సమయం తీసుకుంటుంది. సినిమా చూస్తే అది తెలియదు. తాళం ఆటలో తెలుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగమనుకో, దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. నువ్వు నొక్కాల్సింది సరిగ్గా పావు సెకను దగ్గర. అందులో పదో వంతు సెకను టీవీయే తినేస్తే, నువ్వు సరిగ్గా నొక్కినా తప్పే అవుతుంది. సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే పెట్టు. బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దే వద్దు, దాంట్లో శబ్దం ఇంకా ఆలస్యంగా వస్తుంది. నేను ఆడింది మిద్దె మీద గదిలోని పాత డబ్బా టీవీలో. దాంట్లో ఈ తంటా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. తెర మీద తాళం కొలిచే ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే తాళం నడుస్తుంది. అడుగు మాత్రం రెండు దెబ్బల నట్టనడుమ పడాలి. జపాన్ వాయిద్యగాళ్లు ఆ చోటును 'ఉరా' అంటారు, వెనకవైపు అని అర్థం. మనం అర ఎడుపు అంటాం. నువ్వు చిన్నప్పుడు నా పక్కన కూర్చొని తొడ మీద తకధిమి వేసేవాడివి, గుర్తుందా? దెబ్బ మీద 'త' పెట్టుకుంటే, సరిగ్గా సగం దగ్గర వచ్చేది 'ధి'. ఆ 'ధి' మీదే నొక్కు. నోటితో పైకే అను, సిగ్గుపడొద్దు. వేగం పెరిగాక నాలుగక్షరాలు నోట్లో తిరగవు, అప్పుడు ఉత్త 'తక' చాలు. 'త' దెబ్బకు, 'క' నీ వేలికి. 'తకధిమి' నుంచి 'తక'కు ముందే మారిపో, నోరు తడబడిందాకా ఆగకు.

నీ ఆట నలభై దగ్గర ఎందుకు ఆగుతోందో నాకు తెలుసు. వేగం పెరిగేకొద్దీ వేలు తనకు తెలియకుండానే దెబ్బ మీదికి జారుతుంది. ఎవరికైనా అంతే. ఒకసారి గుడిలో కచేరీలో అర ఎడుపు పల్లవికి వాయిస్తూ నేనూ అట్లే జారి సమం మీద, అంటే సరిగ్గా దెబ్బ మీద, పడినాను. పాడే ఆయన నోరు మెదపలేదు, ఒక్కసారి నావైపు చూసినాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ జారుడుకు మందు నాకు దొరికింది చెక్కభజన వాళ్ల దగ్గర. వాళ్ల కాళ్లు చూడు, చెక్కల మోత కాదు. పాదం కింద పడేది ఒక దెబ్బయితే, మడమ పైకి లేచేది ఇంకో దెబ్బ. ఆడేటప్పుడు చెప్పులు విడిచి కడప బండల మీద కూర్చో. ముల్లు దెబ్బకు మడమ ఆ చల్లని రాతికి తగలాలి. మడమ లేచిన క్షణాన రిమోట్ మీది 'A' బటన్ నొక్కు. అప్పుడు నడుమ చోటును వెతకాల్సిన పని ఉండదు, దించిన కాలు ఎట్లాగూ లేవాలి కదా. మొదట రెండు రోజులు కాలూ వేలూ కలవవు. మూడో రోజు కలుస్తాయి, నాకు అట్లే కలిసినాయి.

కళ్లు ముల్లు వెంట పోనివ్వకు. చెవికి పని చెప్పు. ఈ రిథమ్ హెవెన్ ఆటల వెనక ఉన్న త్సున్‌కూ ఒకప్పుడు జపాన్‌లో పేరున్న గాయకుడు. మొదటి ఆట 2006లో నింటెండోతో కలిసి తెచ్చినాడు. క్యాన్సర్ వల్ల గొంతు తీయించుకున్నానని 2015లో లోకానికి చెప్పినాడు. ఆ ఏడే ఇంకో రిథమ్ హెవెన్ జపాన్‌లో వచ్చింది. నాకు ఆయనంటే చాలా గౌరవం.

రోజుకు పది ఆటలకు మించి ఆడొద్దు, అలిసిన వేలు తప్పుడు అలవాటు నేర్చుకుంటుంది. అన్నం తిన్న వెంటనే కూడా వద్దు. ఏ అడుగు దగ్గర ఆగిందో, జారింది దెబ్బకు ముందుకా వెనక్కా అని ఒక కాగితం మీద రాసిపెట్టు. బేస్తవారం నేను అనంతపురం వస్తున్నా, అది నాకు చూపించు.

మీ మామ