ట్రాక్ డేకు వెళ్లే కారుకు విడిగా బీమా అవసరమా?

ప్రశ్న: నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాను. నిరుడు అప్పు మీద బీఎండబ్ల్యూ ఎం2 కొన్నాను. మిల్‌విల్‌లోని న్యూజెర్సీ మోటార్‌స్పోర్ట్స్ పార్కులో ఒక క్లబ్బు నిర్వహించే ట్రాక్ డేలకు (సొంత కారును పందేల ట్రాకు మీద వేగంగా నడిపి చూసే రోజులకు), శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లి వచ్చాను. వచ్చే నెల న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ ట్రాకుకు పేరు ఇచ్చాను. కారు విలువ 58,000 డాలర్లు, ఇంకా తీరవలసిన అప్పు 41,000. ఆ వారాంతానికి ట్రాక్ బీమా కోసం 390 డాలర్లు అడుగుతున్నారు. నష్టం జరిగితే కారు విలువలో 10 శాతం నేనే భరించాలట. ‘ఇది పందెం కాదు, శిక్షణ, మామూలు పాలసీ చాలు’ అని ఒక మిత్రుడు, ‘ఏదైనా జరిగితే కారును బయట రోడ్డు మీదికి తెచ్చి క్లెయిమ్ చేసుకోవచ్చు’ అని ఇంకొకరు అంటున్నారు. నా భార్యకు ఇదంతా దండుగ ఖర్చు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: అప్పు తీరేవరకు ఈ బీమా లేకుండా ఆ కారును వాట్కిన్స్ గ్లెన్‌కు తీసుకువెళ్లకండి. నా అభిప్రాయం స్పష్టంగా ఇదే.

మీ మొదటి మిత్రుడి మాట ఒకప్పుడు కొంతవరకు చెల్లేది. అమెరికాలో చాలాకాలం వాడుకలో ఉన్న పాలసీ వాక్యం ప్రకారం, పందేల కోసం కట్టిన స్థలంలో, ముందుగా ఏర్పాటు చేసిన పందెంలో గాని వేగ పోటీలో గాని పాల్గొనడానికి, దానికి సాధన చేయడానికి, సిద్ధపడడానికి కారును వాడితే బీమా వర్తించదు. ట్రాక్ డేలో ఎవరూ సమయాన్ని లెక్కగట్టరు, ఎవరికీ బహుమతి ఇవ్వరు కాబట్టి అది పోటీ కాదని వాదించి పరిహారం రాబట్టుకున్నవారు ఉన్నారు. ఆ తరువాత చాలా సంస్థలు ఆ వాక్యాన్ని విస్తరించి, వేగంగా నడపడంలో ఇచ్చే శిక్షణను, పందేల ట్రాకు మీద కారును నడపడాన్నే మినహాయింపుల్లో చేర్చాయి. మీ పాలసీలో ఏ మాట ఉందో మీరే తెరిచి చదవండి. ఏజెంటు ఫోనులో ‘ఏం ఫరవాలేదండీ’ అన్నంత మాత్రాన అది పాలసీలో భాగం కాదు. నిర్వాహకుల దగ్గర ఉండే బీమా ముఖ్యంగా వారి మీద వచ్చే దావాల నుంచి వారిని కాపాడడానికే గాని, మీ బంపరు బాగు చేయించడానికి కాదు.

రెండవ మిత్రుడి సలహాను దయచేసి మళ్లీ తలచుకోకండి. ట్రాకు మీద జరిగిన ప్రమాదాన్ని రోడ్డు మీద జరిగినట్టు చెప్పి డబ్బు అడగడం బీమా మోసం, శిక్ష పడే నేరం. మీరు అక్కడ వీసా మీద గాని గ్రీన్ కార్డు మీద గాని ఉంటే, మోసం కేసులో దోషిగా తేలడం జరిమానాతో పోయే విషయం కాదు. ఆ దేశంలో ఉండే హక్కుకే ఎసరు వస్తుంది. పైగా ట్రాకులో మీ పేరు, కారు నంబరు, ఇరవై మంది కార్లలోని కెమెరాల వీడియోలు అన్నీ ఉంటాయి.

ఇక లెక్కకు వద్దాం. కారు పూర్తిగా పోతే 5,800 డాలర్లు మీ వాటా, మిగిలిన 52,200 బీమా సంస్థ ఇస్తుంది. ఆ మొత్తాన్ని 390తో భాగిస్తే దాదాపు 134 వస్తుంది. అంటే 134 వారాంతాలకు ఒకసారి కారు తుక్కయ్యే అవకాశం ఉన్నవారికి ఈ ధర సరిగ్గా సరిపోతుంది. జాగ్రత్తగా నడిపేవారికి ప్రమాదం అంతకంటే అరుదు కావచ్చు. సంస్థకు ఖర్చులు, లాభం మిగలాలి కాబట్టి సగటున చూస్తే కొనేవారే కొంత నష్టపోతారు. మీ భార్య దండుగ అంటున్నది ఈ సగటునే అయితే ఆవిడ మాటలో నిజముంది. కానీ మీ ఇంటి పరిస్థితి సగటు మీద నడవదు. రేపు కారు తుక్కయితే, ఇంటి ముందు కారు ఉండదు గాని బ్యాంకుకు ఉన్న 41,000 డాలర్ల అప్పును నెలనెలా కడుతూనే ఉండాలి. కొత్త కారుకు మళ్లీ అప్పు చేయాలి. అదే 15,000 డాలర్ల పాత మాజ్దా మియాటా కారును సొంత డబ్బుతో కొనుక్కుని ట్రాకుకు తీసుకువెళ్లేవారికి నేను బీమా వద్దనే చెబుతాను. అది పోతే బాధపడతారు, అంతే గాని ఇల్లు తలకిందులు కాదు.

మీ వాటా 5,800 అన్నది ఎంత పెద్ద మొత్తమో గమనించండి. ముందు బంపరు, ఒక దీపం, రేడియేటరు దెబ్బతింటే మరమ్మతు ఖర్చు చాలాసార్లు అంతకు లోపే ఉంటుంది, అదంతా మీరే పెట్టుకోవాలి. కాబట్టి ప్రీమియం కట్టినా ఆ 5,800 బ్యాంకులో విడిగా ఉండాలి. అది లేని నెలలో ట్రాకుకు వెళ్లడం వాయిదా వేసుకోండి.

వాట్కిన్స్ గ్లెన్ పేరు ప్రత్యేకంగా ఎందుకు ఎత్తానంటే, అన్ని ట్రాకులూ ఒకటి కావు. మీరు చూసిన మిల్‌విల్‌లో దారి తప్పిన కారు చాలాచోట్ల ముందు గడ్డిలోకి వెళుతుంది. ఆగడానికి కొంత జాగా దొరుకుతుంది. వాట్కిన్స్ గ్లెన్ 1956లో కట్టిన ట్రాకు, 1961 నుంచి 1980 వరకు ఫార్ములా వన్ అమెరికా గ్రాండ్ ప్రీ జరిగిన చోటు. అక్కడ మొదటి మలుపు దాటగానే వచ్చే ఎస్సెస్ అనే మలుపుల వరుసలో ఎత్తు ఎక్కుతూ కుడికీ ఎడమకీ తిరుగుతుంటారు. మీ కారులాంటిది అక్కడ గంటకు నూరు మైళ్లు దాటుతుంది. ట్రాకు పక్కనే నీలం రంగు ఇనుప గార్డ్ రైల్ వెంట వస్తుంది. వెనుక చక్రాలు ఒకసారి జారాక సరిదిద్దుకోవడానికి అక్కడ చోటు ఉండదు. 1973లో ఫార్ములా వన్ డ్రైవరు ఫ్రాన్సువా సెవెర్ ప్రాణాలు పోయింది ఆ ఎస్సెస్‌లోనే, రైల్‌కు గుద్దుకుని. ఈ రోజు మీరు వెళ్లే రోజుకు, ఆ కాలపు పందేలకు పోలిక లేదని నాకు తెలుసు. అయినా కారుకు, ఇనుముకు మధ్య దూరం తక్కువన్నది మాత్రం మారలేదు. సీజన్‌లో అన్ని వారాంతాలకూ కొనలేకపోతే, ఇలాంటి ట్రాకుకు తప్పక కొని, జాగా ఎక్కువున్న చోట అప్పు తగ్గే కొద్దీ మానుకోవచ్చు.

కొనేముందు కాగితంలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. విలువ ముందే ఒప్పుకున్న మొత్తమా, లేక ప్రమాదం నాటి మార్కెట్ ధరా అన్నది మొదటిది. మొదటి రకమే తీసుకోండి. ఇంజను పేలడం, గేరు తప్పుగా పడి ఇంజను పాడవడం, బ్రేకులూ టైర్లూ అరగడం సాధారణంగా ఇందులోకి రావు. సమయం కొలిచే పోటీ ఏదైనా అదే రోజున కలిసి ఉంటే ఆ భాగానికి బీమా ఉండదు. ఇంకొకటి చాలామంది మరచిపోతారు: కొన్ని క్లబ్బుల్లో మొదటి ఒకటి రెండు చుట్లు దారి చూపించడానికి శిక్షకుడే మీ కారు నడుపుతాడు. పాలసీలో మీ పేరు ఒక్కటే ఉంటే ఆ చుట్లలో జరిగినదానికి డబ్బు రాకపోవచ్చు. శిక్షకుడు నడపడానికి అనుమతి ఉందో లేదో సంస్థను రాతపూర్వకంగా అడగండి, లేకపోతే ఆయన కారులోనే ఆ చుట్లు తిరగండి. విరిగిన గార్డ్ రైల్ ఖర్చును నడిపినవారి నుంచే వసూలు చేసే ట్రాకులు ఉన్నాయి. దానికి పాలసీలో ఎంత ఉందో కూడా చూడండి. కార్యక్రమం మొదలయ్యాక ఈ బీమా అమ్మరు కాబట్టి వారం ముందే పని ముగించుకోండి.

ప్రశ్న: మాది హైదరాబాదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు మిత్రులతో కలిసి నా ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు తీసుకువెళ్లాలని ఉంది. నాకున్న సమగ్ర పాలసీ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: సరిపోతుందని నమ్మి వెళ్లకండి. మన దేశపు మోటారు పాలసీల్లో ‘వాడకపు పరిమితులు’ అన్న చోట, ఏర్పాటు చేసిన పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ (వాహనం ఎంతవరకు తట్టుకుంటుందో చూసే పరీక్షలు) మినహాయింపులుగా ఉంటాయి. ట్రాక్ డే వేగ పరీక్ష కిందికి వస్తుందని బీమా సంస్థ పంపే సర్వేయరు రాస్తే మీరు కాదనిపించడం కష్టం. జీరో డిప్రీసియేషన్ (విడిభాగాల తరుగు తగ్గించకుండా పరిహారం ఇచ్చేది) వంటి అదనపు కవర్లు కూడా ఆ పరిమితికి లోబడినవే. కారుకు వచ్చే నష్టం మొత్తం మీదేనని లెక్కవేసుకుని, ఆ పోలో విలువను వదులుకోగలరా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

మీ వైద్య బీమా సంగతి కొంత మెరుగు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో, మోటార్ రేసింగ్ వంటి ప్రమాదకర క్రీడల్లో వృత్తిగా పాల్గొనేవారి చికిత్సకు మాత్రమే మినహాయింపు పెట్టారు. సరదాకు వెళ్లేవారు దాని కిందికి రారు. అయితే విడిగా తీసుకునే వ్యక్తిగత ప్రమాద బీమాల్లో షరతులు ఇంకా కఠినంగా ఉండవచ్చు కాబట్టి, మీ సంస్థకు ట్రాకు పేరు, తేదీ రాసి ఈమెయిల్ పంపి, జవాబు వచ్చాకే బయలుదేరండి.