డైమ్‌కి అంచు, రూపాయికి తూకం

పాత నాణేల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబులు ఇస్తున్నాం.

*

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. శనివారం వస్తే బ్యాంకుకెళ్లి డైమ్‌ల కట్టలు తెచ్చుకుని, విప్పి, వెండివి ఏరుకుని మిగతావి వాపసు ఇచ్చేస్తాడట. "అమ్మా, నువ్వూ మన బ్యాంకులో చిల్లర తెచ్చి వెతుకు" అంటున్నాడు. ఇది నిజంగా జరిగే పనేనా? - ఒక గృహిణి, భవానీ నగర్, తిరుపతి

జవాబు: అక్కడ జరిగే పనేనమ్మా, ఇక్కడ మాత్రం కాదు. ముందు అక్కడి సంగతి చెప్తాం.

డైమ్ అంటే పది సెంట్ల బిళ్ల. 1964 వరకు తేదీ ఉన్న డైమ్‌లో 90 శాతం వెండి, 10 శాతం రాగి. 1965లో చట్టం మార్చి వెండి తీసేశారు. అప్పటి నుంచి లోపల రాగి, పైనా కిందా రాగి-నికెల్ పొర. అయితే పాతవాటిని రద్దు చేయలేదు. నేటికీ అవి చెల్లుతాయి. జనం చాలావరకు ఏరి దాచుకున్నా, తాతగారి సీసాలో మిగిలినవి మనవడు తెలియక బ్యాంకులో కట్టేస్తుంటాడు. మీ అబ్బాయి వెతుకుతున్నది వాటినే.

కట్టకు 50 డైమ్‌లు, అంటే 5 డాలర్లు. పెట్టెకు 50 కట్టలు, 2,500 బిళ్లలు, 250 డాలర్లు. ఒక్కో బిళ్ల తిప్పి తేదీ చదువుతూ కూర్చుంటే సాయంత్రం అయిపోతుంది. కాగితం విప్పి, యాభైనీ దొంతరగా పళ్లెంలో పడుకోబెట్టి, దీపం వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి, అంచులు మాత్రం చూడాలి. కొత్తవాటి అంచున ఎర్రటి రాగి గీత కనిపిస్తుంది. వెండిదాని అంచు పూర్తిగా తెలుపు. నలభై తొమ్మిది ఎర్ర గీతల మధ్య ఒక తెల్ల గీత ఉంటే కళ్లు వాటంతట అవే అక్కడ ఆగుతాయి. దాన్నొక్కదాన్ని తీసి తేదీ చూస్తే చాలు. అనుమానం తీరకపోతే తూకం వేయాలి. వెండి డైమ్ 2.50 గ్రాములు, కొత్తది 2.27. బాగా అరిగిన వెండి బిళ్ల 2.4కి దిగొచ్చు, కాబట్టి తూకం ఒక్కదాన్నే నమ్మకూడదు.

పొరపాట్లు రెండుచోట్ల జరుగుతాయి. మొదటిది కెనడా డైమ్. దాదాపు అదే సైజు, అంచు కూడా తెల్లగానే ఉంటుంది. అక్కడ 1966 వరకు 80 శాతం వెండి వాడారు. 1967, 1968లలో మిశ్రమం మారుతూ వచ్చి, 1968లోనే నికెల్‌కి దిగింది. అయస్కాంతం దగ్గర పెడితే నికెల్‌ది అతుక్కుంటుంది, వెండిది అతుక్కోదు. రెండోది, 1965 తర్వాత తేదీ ఉండి కూడా అంచు తెల్లగా ఉండే బిళ్ల. దాన్ని తొందరపడి పారేయకూడదు. 1992 నుంచి సేకర్తల కోసం శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల వెండి డైమ్‌లు కొడుతోంది. 'ఎస్' గుర్తు, అద్దంలాంటి మెరుపు వాటి ఆనవాళ్లు. ఎవరో పెట్టె పగలగొట్టి ఖర్చుపెట్టేసి ఉంటారు.

ఏరగా మిగిలినవి తెచ్చిన బ్రాంచిలోనే కట్టకూడదు. వచ్చే వారం అవే కట్టలు మళ్లీ చేతికొస్తాయి. తెచ్చేది ఒకచోట, కట్టేది మరోచోట ఉండాలి. వరసగా కొన్ని పెట్టెల్లో ఒక్కటీ రాకపోవచ్చని కూడా చెప్పండి. వచ్చిన ఒక్కోదానిలో 2.25 గ్రాముల వెండి. నష్టం అంటూ ఉంటే పెట్రోలు, ఒక శనివారం. బిళ్లల విలువ ఎక్కడికీ పోదు కదా.

*

ప్రశ్న: అమెరికాలో దొరికినప్పుడు మన బ్యాంకు సంచుల్లో ఎందుకు దొరకదు? తిరుపతిలో ఉన్నంత చిల్లర ఇంకెక్కడుంటుంది? - ఒక డిగ్రీ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: చిల్లర ఎంతుందన్నది కాదు, ఏ కాలానిదన్నది లెక్క. మన ప్రామాణిక వెండి రూపాయిల్ని 1941 నుంచి 1943 లోపు విడతలవారీగా రద్దు చేశారు. ముందు విక్టోరియావి, తర్వాత ఏడో ఎడ్వర్డ్‌వి, చివరికి జార్జ్‌లవి. యుద్ధకాలంలో వెండి సగానికి తగ్గించి కొట్టిన నాణేల్నీ తర్వాత వెనక్కి లాగి కరిగించారు. దీనిలో ఒక తమాషా ఉంది. యుద్ధ సమయంలో లెండ్-లీజ్ (మిత్రదేశాలకు అమెరికా సరుకులు సాయంగా ఇచ్చిన పథకం) కింద అమెరికా నుంచి దాదాపు 22.6 కోట్ల ఔన్సుల వెండి అప్పుగా తెచ్చుకున్నాం. ఆ బాకీ తీర్చడానికే మన నాణేలు కొలిమిలోకి వెళ్లాయి.

రద్దయిన నాణేన్ని బ్యాంకు తీసుకోదు, అందుకే తిరిగి ఇవ్వడానికీ దాని దగ్గర ఉండదు. వంద చొప్పున పాలిథిన్ కవర్లలో వచ్చే ఇప్పటి చిల్లరలో ఉన్నదంతా స్టీలు, రాగి-నికెల్, ఇత్తడి జాతి లోహాలే. 25 పైసలు, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చెల్లుబాటు కూడా పోయాయి. వెతకాలనుకుంటే బ్యాంకు మానేసి అటక మీది ట్రంకుపెట్టె, అవ్వ గుడ్డమూట, పసుపుగుడ్డ ముడుపు చూడండి. ముడుపు జోలికి వెళ్లేముందు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వెండి రూపాయి తీసుకుని కొత్త రూపాయి కట్టి కొండకు పంపితే మొక్కు తీరుతుందా లేదా అన్నది ఈ శీర్షిక పరిధిలోది కాదు.

*

ప్రశ్న: మా అవ్వ డబ్బాలో 1917, 1944, 1947, 1950, 1978 రూపాయి బిళ్లలున్నాయి. అన్నీ తెల్లగానే ఉన్నాయి. అంగడికి తీసుకెళ్తే ఏది వెండో వాళ్లు చెప్పిందే నమ్మాలి. ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా? - ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: సగం పని తేదీయే చేసి పెడుతుంది. మీ 1917ది 91.7 శాతం వెండి. 11.66 గ్రాముల బిళ్లలో 10.69 గ్రాముల స్వచ్ఛమైన వెండి. తులం అంటే అసలు ఈ రూపాయి తూకమే. ఇప్పుడు అంగట్లో పది గ్రాములకే తులం అంటున్నారు, అది వేరే కథ. 1944ది సగం వెండి, అంటే 5.83 గ్రాములు. మిగతాది రాగి, నికెల్, జింకు. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఈ రూపాయిల అంచు మధ్యలో ఒక గాడి ఉంటుంది, గోటికి తగులుతుంది. మీ 1947, 1950 రూపాయిలు పూర్తిగా నికెల్. 1978ది రాగి-నికెల్. పావలా, అర్ధరూపాయిల మీద 1940 తేదీ ఉంటే మాత్రం వెండి శాతం పరీక్ష చేయించకుండా ఏదీ నిర్ణయించుకోకండి.

చాలామంది మోసపోయేది ఇక్కడే: 1947, 1950ల నికెల్ రూపాయి కూడా 11.66 గ్రాములే తూగుతుంది. తూకం చూసి వెండి అనుకుంటారు. వాటిని పట్టుకోవడానికి ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం చాలు, టక్కున అంటుకుంటాయి. అలాగని అంటుకోనిదల్లా వెండి కాదు. మీ 1978 బిళ్లే సాక్ష్యం.

అన్నిటికంటే నమ్మకమైనది నీటి పరీక్ష. 0.01 గ్రాము వరకు చూపే జేబు త్రాసు కావాలి. వంటింటి త్రాసు ఒక్కో గ్రాము చొప్పున చూపిస్తుంది, దీనికి పనికిరాదు. ముందు బిళ్లను పొడిగా తూచి రాసుకోండి. త్రాసు మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా నొక్కండి. సన్నటి దారంతో బిళ్లను కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకీ పక్కలకీ తగలకుండా పట్టుకోండి. త్రాసు ఒక చిన్న అంకె చూపిస్తుంది. మొదటి తూకాన్ని దానితో భాగించండి. 11.66 తూగే రూపాయికి త్రాసు 1.13 చూపితే భాగఫలం 10.3 వస్తుంది. అది 1917 నాటి వెండికి సరిపోతుంది. 1944 రూపాయికి 9.5 దగ్గర, నికెల్‌కి 8.9 దగ్గర రావాలి. జర్మన్ సిల్వర్‌తో (పేరుకే సిల్వర్, వెండి లేని మిశ్రమ లోహం) పోతపోసిన నకిలీ అయితే 8.7 చుట్టుపక్కల తేలుతుంది.

బిళ్ల అరిగినా ఈ లెక్క చెడదు. చెడగొట్టేవి మూడు: బిళ్లకు అతుక్కున్న గాలి బుడగలు, లావు దారం, అడుగుకు తగలడం. అడుగుకు తగిలితే త్రాసు మొత్తం బరువు చూపించేస్తుంది. నీటిలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే బుడగలు పోతాయి.

మీ డబ్బాలో 1911 రూపాయి కూడా కనిపిస్తే విడిగా పెట్టండి. ఐదో జార్జ్ వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవ కావడంతో ఆ ముద్ర మార్చారు. సేకర్తలు దాన్ని పంది రూపాయి అంటారు. 1939 తేదీ రూపాయి చాలా అరుదు, అందుకే నకిలీలు ఎక్కువ. చూడగానే సంతోషించకుండా ముందు నీటి పరీక్ష పెట్టండి.

అంగడికి వెళ్తే పాత వెండి రేటు, తరుగు ఎంత తీస్తారు అన్నవి ముందే అడగండి. గీటురాయి గీత పెడతామంటే వద్దనండి, గీత పెట్టకుండానే ఎక్స్-కిరణాలతో లోహశాతం చూపే ఎక్స్ఆర్ఎఫ్ మిషన్ ఉన్న చోటే చూపించండి. నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవచ్చు కానీ విదేశానికి పంపకూడదు. మీ 1917 రూపాయి కూడా ఆ వయసుదే, అమెరికాలో మనవళ్లుంటే గుర్తుంచుకోండి.

*

ప్రశ్న: నల్లబడ్డ వెండి రూపాయిలను చింతపండుతోనో విభూదితోనో తోమవచ్చా? - ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: వద్దు. చింతపండు పులుపు పై పొరను కరిగిస్తుంది, విభూది గరుకు సన్నగీతలు పెడుతుంది. సేకర్తలు ఆ గీతల్ని భూతద్దంలో చూసి ధర కోస్తారు. నలుపు వెండికి సహజమే, అది అలాగే ఉండనివ్వండి. జిడ్డు, మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. రబ్బరు బ్యాండ్లు, మెత్తటి పీవీసీ కవర్లు వెండికి పడవు. మొదటివి నల్లబరుస్తాయి, రెండోవి పచ్చటి జిగురు పట్టిస్తాయి.

*

ప్రశ్న: గోవిందరాజస్వామి గుడి దగ్గర మా అంగడి. యాత్రికుల చేతి నుంచి విదేశీ చిల్లర వస్తూ ఉంటుంది, డబ్బా నిండిపోయింది. పైగా ఒకాయన రామదర్బార్ ముద్ర ఉన్న 1818 ఈస్టిండియా కంపెనీ నాణెం, బియ్యాన్ని లాగుతుందని చెప్పి అమ్మజూపాడు. ఏం చేయాలి? - ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: ముందు డబ్బా సంగతి. గల్ఫ్, సింగపూర్, మలేసియా నుంచి ఇప్పుడు వచ్చే చిల్లరలో వెండి లేదు. అమెరికావి మాత్రం విడిగా పోయండి. పైన చెప్పినట్టే అంచు చూడండి. 1964 వరకు ఉన్న క్వార్టర్ (పాతిక సెంట్ల బిళ్ల) 6.25 గ్రాములు, తర్వాతది 5.67. అర డాలర్ అయితే 1965 నుంచి 1970 వరకు కూడా 40 శాతం వెండి ఉంటుంది, జాగ్రత్తగా చూడండి. ఐదు సెంట్లలో 1942 నుంచి 1945 వరకు, వెనక వైపు భవనం గుమ్మటం పైన పెద్ద అక్షరం ఉన్నవి 35 శాతం వెండి.

ఇక రామదర్బార్. మద్రాసులో కంపెనీ వేంకటేశ్వరస్వామి, ఇద్దరు దేవేరుల బొమ్మతో బంగారు వరహాలు కొట్టించిన మాట నిజమే. అందుకే ఈ కథ జనానికి నమ్మబుద్ధవుతుంది. కానీ రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో ఇంగ్లిషులో 'ఈస్టిండియా కంపెనీ, 1818' అని ఉన్నది ఏ టంకశాలా కొట్టిన నాణెం కాదు, తీర్థాల్లో అమ్మే బొమ్మ బిళ్ల. కంపెనీ దేశమంతటికీ ఒకే రకం రూపాయి మొదలుపెట్టింది 1835లో.

బియ్యం లాగడమంటే బియ్యంలో ఇనుప రజను, బిళ్ల చాటున అయస్కాంతం. మీ ఇంటి బియ్యాన్ని కడిగి ఆరబెట్టి, మీ పళ్లెంలోనే పోసి లాగమనండి. ఇది రైస్ పుల్లింగ్ మోసం, పోలీసు కేసు. పాత నాణెం లక్షలకు కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరుతో ఫోన్ వచ్చి, ముందు కమీషనో పన్నో కట్టమంటే అదీ ఇదే కోవలోకి వస్తుంది. రిజర్వ్ బ్యాంకు అలాంటి వ్యాపారం చేయదని 2021 ఆగస్టులోనే ప్రకటించింది. తామరపువ్వు ముద్ర ఉన్న ఇత్తడి రంగు 20 పైసల బిళ్లలో బంగారం ఉందని ఆయనే మళ్లీ వచ్చి చెప్పినా కొనకండి. మీ దగ్గర అలాంటివి ఉంటే పిల్లలకు చూపించడానికి ఒకటి ఉంచుకోండి.